టైలరమ్మ మొదటి అసైన్‌మెంటు

ఆ ఇంట్లోంచి పాలవాడికి రాసే చీటీ కూడా సవరణ కాకుండా గుమ్మం దాటదు.

ఆ గురువారం పొద్దున కూడా అదే జరిగింది. టైలరమ్మ ఒక కాగితం ముక్క మీద "రేపు పాలు వద్దు" అని రాసి తలుపుకి అంటించబోతుంటే, ఆవిడ భర్త టీ గ్లాసు పక్కన పెట్టి చెయ్యి చాపాడు. ఆయన నీటి సరఫరా ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఆయన చెయ్యి చాపితే కాగితం ఇవ్వాలి. అది ఆ ఇంటి పద్ధతి. పది నిమిషాల తర్వాత తలుపు మీద ఇలా ఉంది: "రేపటి దినమున పాల సరఫరా నిలుపుదల చేయవలసినదిగా కోరడమైనది. ఎల్లుండి నుండి యథాప్రకారం కొనసాగించగలరు." పాలవాడు దాన్ని రెండుసార్లు చదివాడు. ఇంటి మీద ఏదో కేసు నడుస్తోందనుకున్నాడు. జాలిపడి ఒక ప్యాకెట్ ఎక్కువ పెట్టి వెళ్ళిపోయాడు.

ఆయనకి రిటైరై మూడేళ్ళయింది. ఆఫీసు ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఆఫీసుని వదల్లేదు. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పెట్టే సెలవు చీటీలు ఆయనే చూస్తాడు. ఎదురింటాయన తండ్రి పోయినప్పుడు పంపిన సంతాపపు కార్డు కూడా ఆయనే తయారుచేశాడు. అందులో అన్నీ బాగానే ఉన్నాయి గానీ, చివర అలవాటు చొప్పున "తగు చర్య నిమిత్తం" అని పడిపోయింది. ఎదురింటాయన ఏం చర్య తీసుకోవాలో తెలీక వారం రోజులు మొహం చాటేశాడు.

టైలరమ్మకి యాభై నాలుగేళ్ళు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంది, వీధిలో ఎవరికీ తెలీదు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళుగా బట్టలు కుడుతోంది. కాలేజీలో ఒక సంవత్సరం చదివి, తండ్రికి పక్షవాతం వచ్చిందని మానేసింది. తర్వాత పెళ్ళి, తర్వాత కూతురు, తర్వాత అందరి యూనిఫారాలు. నాలుగు వారాల క్రితం, ఎవరికీ చెప్పకుండా, ఒక కాలేజీ వాళ్ళు ఆన్‌లైన్లో పెట్టిన సాహిత్య పరిచయం, రచన అనే కోర్సులో చేరింది. పన్నెండు వారాలు. పాసైతే ఆ మార్కులు డిగ్రీలో కలుపుతారు. మధ్యలో ఆగిపోయిన చదువు ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. చేరాకే ఇంట్లో చెప్పింది, అదీ కూర వడ్డిస్తూ.

"కథలు చదవడానికి కాలేజీ ఎందుకు?" అన్నాడు ఆయన.

"చదివి ఊరుకోరట. ఏమనిపించిందో రాయాలట."

"అనిపించడమేంటి? విషయం ఏంటో రాయాలి గానీ."

శనివారం పొద్దున పది గంటలకి క్లాసు. కంప్యూటర్ తెర మీద నలభై మంది పిల్లలు, చాలామందికి పందొమ్మిదేళ్ళు, వాళ్ళ మధ్య ఒక చిన్న గళ్ళో టైలరమ్మ. క్లాసుకి ఆవిడ కంటే ముందు సిద్ధమయ్యేది ఆవిడ అత్తగారు. ఎనభై ఒక్కేళ్ళ పెద్దావిడ సోఫాలో దిండు సర్దుకుని, చెవి మిషను పెట్టుకుని, క్లాసుని సీరియల్లాగా చూస్తుంది.

"ఆ గడ్డం కుర్రాడు ఇవాళ రాలేదేం అమ్మాయ్?"

"జ్వరమట అత్తయ్యా."

"వాడు పక్క గళ్ళో పిల్లని చూస్తుంటాడు. నీకు కనపడదు. నాకు కనపడుతుంది."

మొదటి అసైన్‌మెంటు చిన్నదే. మీకు బాగా తెలిసిన గది గురించి ఒక పేజీ రాయండి, అన్నారు. టైలరమ్మ తన ముందు గది గురించి రాసింది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి జారి పెడల్ మీద పడుతుందనీ, కాలికి ఆ వేడి తగిలితే మూడైనట్టు లెక్క అనీ, ఇన్నేళ్ళలో ఆ గదిలో గడియారం అవసరమే రాలేదనీ రాసింది. నాలుగు రోజులు పట్టింది. రాశాక కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్తుంటే, హాల్లో ఆయన చెయ్యి చాపాడు.

ఇవ్వకుండా ఉండొచ్చు. ఆ సంగతి ఆవిడకి అప్పుడు తట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఇస్తున్న చెయ్యి, దానంతటదే ఇచ్చేసింది. ఆయన రెండు గంటలు కూర్చున్నాడు. ఎండ, పెడల్ ఉన్న చోట "అప్రస్తుతం" అని రాసి కొట్టేశాడు. మిగిలినదాన్ని ఫెయిర్ చేసి, కంప్యూటర్లో తనే కొట్టి, పంపించే బటన్ కూడా తనే నొక్కాడు. ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్ ఆయన కిందే ఉండేది.

దాని ఫలితం ఆ గురువారం పొద్దున, పాలవాడు వెళ్ళిన కాసేపటికి వచ్చింది. కూతురు టిఫిన్ తింటూ అమ్మ ఫోన్లో మెయిల్ చూసి నమలడం ఆపేసింది.

"అమ్మా, మీ మేడం రాశారు. చదవనా?"

"చదువు."

"'మీ మొదటి అసైన్‌మెంటు మనిషి రాసినట్టు లేదు. క్లాసు చర్చల్లో మీరు ఫోన్లో రాసేవాటికీ దీనికీ ఎక్కడా పోలిక లేదు. కంప్యూటర్ చేత రాయించారని అనుమానంగా ఉంది. ఈ శనివారం క్లాసు లేదు. ఆ పొద్దున వీడియోలో నాతో మాట్లాడండి. మీరే రాశారని తేలకపోతే కోర్సు నుంచి మీ పేరు తీసేయాల్సి వస్తుంది.'"

ముందుగా నోరు తెరిచింది హెడ్ క్లర్కు గారే.

"కంప్యూటరా?" అన్నాడు. "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నన్ను ఒక్కళ్ళు ఆ మాట అనలేదు."

"అన్నారు నాన్నా. మీ ముందు అనలేదంతే," అంది కూతురు.

టైలరమ్మ ఫోన్ తీసుకుని, తన పేరు మీద వెళ్ళిన కాగితాన్ని మొదటిసారి తెరిచి చదివింది. "సదరు గది పశ్చిమ ముఖంగా నిర్మించబడి ఉన్నది. గదియందు కిటికీ ఒకటి, కుట్టు యంత్రం ఒకటి, బల్ల ఒకటి కలవు. నైరుతి మూలన వినియోగదారుల సౌకర్యార్థం తెర ఏర్పాటు చేయబడినది. గది పరిస్థితి సంతృప్తికరంగా ఉన్నట్లు తెలియజేయడమైనది." చివరి దాకా చదివింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇందులో నేనెక్కడున్నానండీ?" అంది.

"కుట్టు యంత్రం రాశాను కదా."

"అది మిషను. నేను కాదు."

"చూడు, నేను సాయం చేశాను. నీ దాంట్లో ఎండ వచ్చిందనీ, కాలికి వేడి తగిలిందనీ ఉంది. కాలేజీ వాళ్ళకి నీ కాలుతో ఏం పని?"

"వాళ్ళకి అదే పనట. వాళ్ళే అడిగారు." ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే కూతురు ప్లేటు పట్టుకుని కుర్చీ కొంచెం వెనక్కి జరిపింది. "పందొమ్మిదేళ్ళప్పుడు చదువు మానేస్తే అది మా నాన్న జబ్బు వల్ల అని చెప్పుకున్నాను. ఇప్పుడు పేరు తీసేస్తే ఏమని చెప్పుకోవాలి? దొంగతనంగా రాయించింది, అందుకని తీసేశారు అనా? ఆ పిల్లలందరి ముందూ?"

"నేను సంజాయిషీ రాసిస్తాను. రెండు పేజీల్లో తేల్చేస్తాను. పై విషయమై..."

"మీరు ఇంకేమీ రాయొద్దు."

ఆ మాట ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరూ అనలేదు. ఆయన చెంప మీద ఎవరో కొట్టినట్టు చూశాడు.

"అంటే ఇన్నాళ్ళూ నేను చేసిందంతా తప్పా? నువ్వు రాసింది రాసినట్టు బయటికి పోతే నలుగురూ నవ్వరా? నీ గౌరవం కోసమే కదా నేను చూస్తున్నది."

"నవ్వితే నవ్వనివ్వండి. నన్ను చూసి నవ్వుతారు. ఇప్పుడు నేనే లేను అక్కడ." ఆవిడ లేచి గిన్నెలు తీసుకుంది. "మిమ్మల్ని ఒక్కళ్ళనే అనను. కాగితం ఇచ్చింది నేనే. మళ్ళీ చదవను కూడా చదవలేదు. అదీ నా తప్పే."

సోఫాలోంచి పెద్దావిడ చెవి మిషను సరిచేసుకుంది. ఇలాంటప్పుడు అది చాలా బాగా పనిచేస్తుంది.

"ఒరేయ్," అంది. "నీకు మొదటి ఉద్యోగం వచ్చి ఆరేళ్ళు వేరే ఊళ్ళో ఉన్నావు, గుర్తుందా?"

"ఇప్పుడది ఎందుకమ్మా?"

"వారానికో ఉత్తరం తప్పకుండా రాసేవాడివి. మంచి కొడుకువి, కాదనను. పక్కింటావిడ చేత చదివించుకునేదాన్ని. 'ఇచ్చట అందరూ క్షేమం. ఇచ్చట వాతావరణం సవ్యంగా ఉన్నది.' అందరూ ఎవర్రా? గదిలో నువ్వొక్కడివే కదా. ఒక నెల నీకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టావని ఏడాది తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. ఆ నెల ఉత్తరంలో కూడా వాతావరణం సవ్యంగానే ఉంది."

"నువ్వు భయపడతావని అలా రాశాను."

"భయపడేదాన్ని. రైలెక్కి వచ్చేదాన్ని. జావ కాచి పెట్టేదాన్ని. నువ్వు ఆ అవకాశం ఇవ్వలేదు నాకు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఏడవలేదు. మామూలుగా చెప్పింది. "ఆరేళ్ళ ఉత్తరాల్లో నువ్వు ఏం తిన్నావో ఒక్కదాంట్లోనూ లేదురా. ఆ అమ్మాయి కాలికి ఎండ తగిలిందని రాసుకుంటే నీకు ఏం కష్టం వచ్చింది?"

హెడ్ క్లర్కు గారు పేపరు తీసుకుని వరండాలో కూర్చున్నాడు. చాలాసేపు ఒకే పేజీ చదివాడు. అది సినిమా హాళ్ళ ప్రకటనల పేజీ.

శుక్రవారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఉప్పు, గ్యాస్, తలుపు వేయి, తలుపు తియ్యి. కూతురు మటుకు అమ్మని వదల్లేదు.

"అమ్మా, ఒక మాట చెప్పనా? నేనే రాశానని చెప్పెయ్. ఆఫీసు భాష నాకు అలవాటు, మా ఇంట్లో పాలవాడితో కూడా ఇలాగే మాట్లాడతాం అని చెప్పు. సగం నిజమే కదా."

"అబద్ధం చెప్పి కోర్సులో ఉంటే, రెండో అసైన్‌మెంటు రాసేటప్పుడు నా చెయ్యి నడవదే."

"మరి నాన్న పేరు చెప్పు."

టైలరమ్మ దారం కొరికి తెంపింది. మొగుణ్ణి బయటివాళ్ళ ముందు పెట్టడం ఆవిడకి చేతకాదు. ఎప్పుడైనా పెట్టినా, ఇస్త్రీ చేసి పెడుతుంది.

శనివారం తొమ్మిదింటికే ఇల్లంతా ఊడ్చి ఉంది. కంప్యూటర్ ముందు టైలరమ్మ కూర్చుంది. తెరలో మేడం కనిపించింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, తలుపు వెనక హ్యాంగరుకి బట్టలు వేలాడుతున్నాయి. తెరకి కనపడని చోట సోఫాలో పెద్దావిడ, కుర్చీలో కూతురు, గోడకి ఆనుకుని హెడ్ క్లర్కు గారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

"నేను మిమ్మల్ని నిందించాలని పిలవలేదండీ," అంది మేడం. "క్లాసులో మీరు రాసే రెండు మూడు లైన్లు నాకు చాలా ఇష్టం. అందుకే ఇది చూసి కొంచెం బాధేసింది. ఇది మీరే రాశారా?"

టైలరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"గది నాదే మేడం. మాటలు నావి కావు."

"కంప్యూటర్ చేత రాయించారా?"

"లేదండీ."

"మరి ఎవరు రాశారు?"

టైలరమ్మ నోరు తెరిచి మూసింది. కూతురు నాన్న వైపు చూసింది. పెద్దావిడ కొడుకు వైపు చూడలేదు, కావాలనే కిటికీ వైపు చూసింది. మేడం ఒక కాగితం మీద ఏదో రాసుకోబోయింది. అప్పుడు తెర మీదకి ఒక నుదురు వచ్చింది. అదొక్కటే కనిపించింది, ఎందుకంటే అది కెమెరాకి మరీ దగ్గరగా వంగి ఉంది.

"ఆ కంప్యూటర్ని నేనేనమ్మా," అన్నాడు హెడ్ క్లర్కు గారు.

మేడం పెన్ను పక్కన పెట్టింది. పెదవులు బిగపట్టి కాసేపు కిందికి చూసింది.

"మీరు..."

"భర్తనండి. నీటి సరఫరా ఆఫీసు. రిటైర్డ్. పై విషయమై తమ దృష్టికి..." ఆయన ఆగిపోయాడు. ఆ తర్వాతి వాక్యానికి ఆయన దగ్గర డ్రాఫ్టు లేదు. "ఆవిడ బాగానే రాసిందమ్మా. నేనే పాడుచేశాను. బటన్ కూడా నేనే నొక్కాను. ఆవిడకి చూపించలేదు. పేరు తీసేయాలంటే నాది తీసేయండి. నా పేరు మీ దగ్గర లేదనుకోండి, అయినా సరే."

ఆయన మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. టైలరమ్మ తల తిప్పి చూడలేదు. ఒళ్ళో చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

మేడం ఆలోచించింది. "మీ మాట నమ్ముతాను సార్. కానీ నా నమ్మకం కాలేజీకి సరిపోదు," అంది. "అమ్మా, ఒక పని చేద్దాం. ఇప్పుడే, కెమెరా ముందు, గంటలో, అదే గది గురించి మళ్ళీ రాయండి. చేత్తో రాసినా సరే, కంప్యూటర్లో కొట్టినా సరే. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. పాత దానికి మార్కులుండవు. ఇది మీదే అనిపిస్తే మీరు కోర్సులో ఉంటారు. లేకపోతే నేనేం చేయలేను."

అందరూ బయటికి వెళ్ళాల్సి వచ్చింది. పెద్దావిడ దిండుతో సహా వెళ్ళింది. ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. లోపల్నించి కీబోర్డు చప్పుడు ఒక్కో అక్షరంగా వస్తోంది. కొంతసేపు వస్తుంది, ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా హెడ్ క్లర్కు గారు లేవబోతాడు. కూతురు చొక్కా పట్టుకుని లాగుతుంది.

"అక్కడేదో ఇబ్బంది పడుతోందే."

"పడనీ నాన్నా."

"ఏం రాస్తోందిరా?" అంది పెద్దావిడ.

"తెలీదమ్మా," అన్నాడు ఆయన. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంట్లో తయారవుతున్న ఒక కాగితంలో ఏముందో ఆయనకి తెలీకపోవడం అదే మొదలు. మెట్ల మీద ఎండ వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరీక్ష హాలు బయట తండ్రిలాగా కూర్చున్నాడు.

గంట దాటి పది నిమిషాలకి తలుపు తెరుచుకుంది. టైలరమ్మ మొహం కడుక్కున్నట్టుంది.

"ఏమన్నారు?" ముగ్గురూ ఒకేసారి అడిగారు.

"రెండు చోట్ల వాక్యం మరీ సాగిందట. చూసుకోమన్నారు." ఆవిడ గుమ్మానికి ఆనుకుంది. "ఉండమన్నారు. వచ్చే శనివారం క్లాసుకి రమ్మన్నారు."

కూతురు ఎగిరి గంతెయ్యబోయి, నాయనమ్మ దిండు మీద కాలేసి, పడబోయి నిలదొక్కుకుంది. పెద్దావిడ తన దిండు తను తీసుకుని దుమ్ము దులుపుకుంది.

"ఉండమన్నారని చెప్పావు గానీ అందులో ఏముందో చెప్పలేదు. చదువు అమ్మాయ్. నాకూ తెలియాలి."

టైలరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ లోపలికెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని, మెల్లగా చదివింది.

"మా ముందు గదిలో ఒక మూల తెర ఉంటుంది. కొత్త బట్టలు వేసి చూసుకునే వాళ్ళు దాని వెనక్కి వెళ్తారు. నేను ఇవతల నోట్లో గుండుసూదులు పెట్టుకుని నిలబడతాను. నోట్లో సూదులున్న మనిషి ఎదురు చెప్పదు. అందుకని వాళ్ళు అన్నీ చెప్తారు. ఒకావిడ తన నడుము రెండంగుళాలు తగ్గిందని సంతోషంగా చెప్పింది. నెల తర్వాత మళ్ళీ వచ్చింది. ఇంకో రెండంగుళాలు తగ్గింది. ఈసారి మొహం పీక్కుపోయి ఉంది, ఏమీ చెప్పలేదు. నేను టేపు వదులుగా పట్టుకుని పాత కొలతే పైకి చదివాను. ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. బట్ట మాత్రం అసలు కొలతకే కుట్టాను. కానీ లోపల, అంచుల్లో, ఎప్పుడైనా విప్పుకోవడానికి నాలుగంగుళాల గుడ్డ వదిలిపెట్టాను."

చదవడం అయిపోయింది. కూతురు కళ్ళజోడు తీసి తుడుచుకుంది, షాపులో నేర్పిన పద్ధతిలో కాకుండా చున్నీతో.

హెడ్ క్లర్కు గారు ఆ గది వైపు చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజూ దాటి వెళ్ళిన గది. అవతల కూర్చుని పేపరు చదువుకుంటూ, ఆడవాళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారని ఫ్యాన్ స్పీడు పెంచుకునేవాడు. కళ్ళు నిండుతుంటే, ఎవరూ చూడకుండా గోడ మీది క్యాలెండర్ని చాలా శ్రద్ధగా పరిశీలించాడు. అది పోయిన నెలలోనే ఆగి ఉంది.

"ఆవిడ," అన్నాడు చివరికి. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆవిడకి ఏమైంది?"

ఇన్నేళ్ళలో ఆయన ఆవిడ రాసినదాని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. టైలరమ్మ ఆయన వైపు తిరిగింది.

"మొన్న సోమవారం వచ్చిందండీ. అంచులు విప్పి వదులు చేయమంది. రెండంగుళాలు."

"అది రాయలేదేం?"

"గంటే ఇచ్చారు కదా."

ఆయన కుర్చీ లాక్కుని, ఆవిడకి కొంచెం దూరంగా, కంప్యూటర్ తెర కనపడని వైపుకి కూర్చున్నాడు.

"ఇప్పుడు రాయి," అన్నాడు. "అయ్యాక చదివి వినిపించు. నేను ఇక్కడే ఉంటాను."